మీ కథ మీరే వ్యంగ్యంగా రాసుకోవడం ఎలా: ముడిసరుకు నుంచి చివరి చదువు దాకా

‘చెబుతుంటే అందరూ పడిపడి నవ్వుతారు, అదే రాసిపెడితే ఎవరూ నవ్వరు, ఎక్కడ పోతోంది?’ ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. పోయేది దాదాపు ఎప్పుడూ ఒకేచోట. నోటితో చెప్పేటప్పుడు మొహం, గొంతు, చేతులు చేసే పనిని రాతలో విశేషణాల చేత చేయించాలని చూస్తారు. విశేషణాలు ఆ పని చెయ్యవు. వివరాలు చేస్తాయి. వాక్యం చివర పడే క్రియ చేస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా, చెప్పేవాడు నవ్వకుండా ఉండడం చేస్తుంది.

కింద ఉన్న పద్ధతి 800 నుంచి 1000 మాటల వ్యాసానికి సరిపోతుంది. అంటే పైకి చదివితే ఎనిమిది, పది నిమిషాలు. మొదటిసారి రాసేవాళ్ళు ఇంతకన్నా పెద్దది ఎత్తుకోవద్దు. వ్యంగ్యం ఎక్కువసేపు సాగితే చదివేవాళ్ళకి అలుపొస్తుంది, రాసేవాళ్ళకి పట్టు జారుతుంది.

1. ముందు కూడబెట్టుకోవాల్సినవి

ఒక వారం పాటు ఏమీ రాయకండి. పోగుచెయ్యండి.

నోటుపుస్తకంలో పేజీని మూడు నిలువు గడులు చేసుకోండి. మొదటి గడిలో జరిగింది. రెండో గడిలో ఎవరు ఏ మాట అన్నారో అది, అన్నది అన్నట్టుగా. మూడో గడిలో మీరు లోపల ఏమనుకున్నారు, పైకి ఏం చేశారు. ఈ మూడో గడే మీ గని. లోపల ‘ఇక చాలు, లేచి వెళ్ళిపోతాను’ అనుకుని, పైకి ‘ఇంకో కప్పు కాఫీ ఇప్పించండి’ అన్న మనిషి ఉన్నచోటే వ్యంగ్యం పుడుతుంది.

తర్వాత బీరువాలోంచి కాగితాలు తీయండి. పదో తరగతి మెమో, శుభలేఖ, చదివింపుల పుస్తకం, ఆసుపత్రి చీటీ, పాత రేషన్ కార్డు, ఫ్యామిలీ గ్రూపులో మెసేజీలు. జ్ఞాపకం అన్నిటినీ నున్నగా చేసేస్తుంది. కాగితం గరుకుగానే ఉంటుంది. ‘పెదనాన్న చదివింపు తక్కువ రాయించాడు’ అని మీకు గుర్తుండొచ్చు. పుస్తకం తెరిస్తే ‘1,116’ అని రాసి, ముందున్న ఒకటిని కామాతో సహా కొట్టేసి ‘116’ చేసిన సిరా గీత కనబడొచ్చు. మీ వ్యాసానికి కావాల్సింది ఆ గీత.

రాయడానికి కూర్చునే ముందు ఇవి చేతిలో ఉన్నాయో లేదో చూసుకోండి:

☐ మనుషులు నిజంగా అన్న మాటలు, కనీసం ఐదు
☐ అంకెలు మూడు (ధర, తేదీ, వరుసలో మీ నంబరు, ఏవైనా సరే)
☐ చేత్తో పట్టుకోగలిగే వస్తువులు రెండు
☐ ఆ వ్యవహారంలో మీరు చేసిన తెలివితక్కువ పని ఒకటి

నాలుగోది లేకపోతే మొదలుపెట్టకండి. మీ తప్పు ఒక్కటీ లేని కథ ఫిర్యాదు అవుతుంది.

2. ఏ సంఘటన పనికొస్తుంది

చిన్నది ఎంచుకోండి. ఒక పూట, ఒక చోటు, మీతో కలిపి నలుగురు మనుషులు. ‘నా ఉద్యోగ జీవితం’ వద్దు; ‘ప్రమోషన్ లిస్టులో నా పేరు పక్కన చుక్క ఉన్న సాయంత్రం’ కావాలి.

సంఘటన చల్లారిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అదే కథని అవతలివాళ్ళ వైపు నుంచి రెండు నిమిషాలు పైకి చెప్పండి. పంతులుగారి వైపు నుంచి, క్లర్కు వైపు నుంచి, ఆడపడుచు వైపు నుంచి. చెప్పగలిగితే పండింది. మధ్యలో గొంతు లేస్తే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. దాన్ని పుస్తకంలో ఉంచి వేరేది తీసుకోండి.

చావులు, ఇంట్లో హింస, కోర్టులో నడుస్తున్న తగాదా, పిల్లల మార్కులు: వీటిని మొదటి వ్యాసానికి ముట్టుకోవద్దు. రాయకూడదని కాదు. వాటికి కావాల్సిన అదుపు చెయ్యి తిరిగాక వస్తుంది.

ఇక్కడి నుంచి ఒకే ముడిసరుకు పట్టుకుని నడుద్దాం. మన వాళ్ళలో చాలామందికి తెలిసిన ఇబ్బందే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, ఉన్న పేరంతా ఒకే గడిలో రాయించుకుంటారు. అమెరికా వీసా వచ్చేసరికి ఆ పేరు మొత్తం ఇంటిపేరు గడిలోకి వెళ్తుంది. ఖాళీ అయిన మొదటి పేరు గడిలో ఎఫ్, ఎన్, యూ అని మూడు అక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదు అని చెప్పే గుర్తు అది. అక్కడికి వెళ్ళాక కౌంటర్లలో దాన్నే పేరనుకుని పిలుస్తారు. ఆ మనిషి మీరే అనుకుందాం.

3. దెబ్బ ఎవరికి తగలాలి

రాయడానికి ముందు ఒక వాక్యం పూర్తిచేసి పేజీ పైన పెట్టుకోండి: ‘ఈ వ్యాసంలో దెబ్బ తినేది ____.’

ఆ ఖాళీలో మీకన్నా బలహీనుల పేరు వస్తే కథ మార్చాలి. పనిమనిషి ఇంగ్లీషు, వాచ్‌మన్ యాస, పల్లె నుంచి వచ్చిన బంధువు ఎస్కలేటర్ ఎక్కడం, ఒకరి రంగు, ఒకరి నత్తి. ఇవి రాస్తే నవ్వేవాళ్ళు ఉంటారు, అది నిజమే. కానీ అది ఎగతాళి. ఆ మనిషి ఎదుట కూర్చుని ఉంటే మీరు ఆ వాక్యం చదవలేరు.

తగిన చోట్లు మూడే. ఒకటి, మీరు. రెండు, మీ మీద అధికారం ఉన్నవాళ్ళు, వాళ్ళ పద్ధతులు. మూడు, మీరూ అందరూ కలిసి నమ్మే ఒక అలవాటు. మన ఉదాహరణలో ఆ మూడక్షరాలనే పేరుగా పిలిచే బ్యాంకు అమ్మాయి మీద దెబ్బ వెయ్యడం తేలిక, కానీ తప్పు. ఆవిడ తెర మీద కనబడింది చదివింది. దెబ్బ తినాల్సినవి రెండు: ఖాళీ గడిని భరించలేని ఫారం, ఫారం నింపేటప్పుడు ‘ఏదైతేనేం లెండి’ అన్న మీ బద్ధకం.

4. చెప్పే గొంతుని ఖాయం చేసుకోవడం

వ్యాసంలో ‘నేను’ అచ్చంగా మీరు కానక్కర్లేదు. మీలోని ఒక గుణాన్ని తీసి దానికి మొత్తం పెత్తనం ఇవ్వండి. పని చేసే గొంతులు:

నమ్మకస్తుడు: ఎవరేం చెప్పినా నమ్ముతాడు. ఆఫీసు బోర్డు మీద ‘సేవయే మా లక్ష్యం’ అని ఉంటే, సాయంత్రం దాకా ఆ సేవ కోసం ఎదురుచూస్తాడు.

మర్యాదస్తుడు: మొహమాటంతో అన్నిటికీ ఒప్పుకుంటాడు. మన ఉదాహరణకి ఇదే సరిపోతుంది.

లెక్కల మనిషి: అవమానాన్ని కూడా అంకెల్లో చెబుతాడు.

అన్నీ తెలిసినవాడు: సలహాలిస్తూ గోతిలో పడతాడు.

ఒకటే ఎంచుకోండి, చివరిదాకా దాన్నే ఉంచండి. సగంలో మర్యాదస్తుడికి కోపం వచ్చి ఉపన్యాసం మొదలుపెడితే వ్యాసం అక్కడే విరుగుతుంది. ఆ గొంతుకి తను తమాషాగా ఉన్నానని తెలియకూడదు. అతను నవ్వితే పాఠకుడు నవ్వడు.

5. వరుస

900 మాటల వ్యాసానికి పంపకం సుమారుగా ఇలా ఉంటే బాగుంటుంది.

మొదటి 80 మాటల్లో మీ గొంతు ఏం నమ్ముతుందో తెలియాలి. మర్యాద అంటే ఎంత గౌరవమో, పేరంటే ఎంత పట్టింపో.

తర్వాత 150 మాటల్లో ఆ నమ్మకానికి పరీక్ష పెట్టే చిన్న సంగతి. ఫారం, ఖాళీ గడి.

తర్వాత 450 మాటలు మూడు మెట్లు. ప్రతి మెట్టులో అదే ఇబ్బంది, కానీ పందెం పెరగాలి. మొదట కాఫీ కొట్టు: ఎవరూ పట్టించుకోరు. తర్వాత బ్యాంకు: సంతకం అడుగుతారు. ఆ తర్వాత ఆఫీసు: సహోద్యోగులు ఆ పేరుతో కేకు కోయిస్తారు. మెట్లు రెండైతే యాదృచ్ఛికంలా ఉంటుంది, ఐదైతే జాబితాలా ఉంటుంది. మూడు చాలు.

మిగిలిన 220 మాటల్లో మలుపు. మలుపంటే కొత్త విచిత్రం కాదు. మీ గొంతు తన గుణాన్ని వదలకుండా చివరి అడుగు వెయ్యడం. మర్యాదస్తుడైతే ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మతో కూడా ఆ కొత్త పేరే చెప్పొచ్చు. అక్కడ ఆపెయ్యాలి. ‘ఇలా ఉంటుంది మన పరిస్థితి’ అన్న వాక్యం మీ చేతికి వస్తుంది, ఖచ్చితంగా వస్తుంది. రాయకండి.

6. వాక్యం లోపలి పని

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. తెలుగు మనకి ఇచ్చిన పనిముట్లు చాలా ఉన్నాయి. అవి వదిలేసి ఆశ్చర్యార్థకాల మీద ఆధారపడడం ఎందుకు?

6.1 చివరి క్రియ. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి అసలు సంగతి అప్పటిదాకా దాగి ఉంటుంది. దాన్ని వాడుకోండి. ‘బాబాయి నాకు ఉద్యోగం ఇప్పిస్తానని పట్నం పిలిపించి, రెండు రోజులు ఇంట్లో ఉంచుకుని, మూడో రోజు సున్నం వేయించాడు.’ ‘సున్నం వేయించాడు’ దగ్గర వాక్యం ఆగాలి. దాని తర్వాత ‘అంటే నమ్ముతారా’ అని తగిలిస్తే దెబ్బ నీరుగారిపోతుంది.

6.2 ‘ట’. అన్నవాళ్ళ మాట వాళ్ళకే వదిలేసి మీరు పక్కకి తప్పుకోవడానికి ఇంతకన్నా చిన్న సాధనం లేదు. ‘సారుకి తీరిక లేదు’ అంటే సమాచారం. ‘సారుకి తీరిక లేదట’ అంటే మీరు నమ్మలేదని పాఠకుడికి తెలిసిపోయింది, మీరు మాత్రం ఏమీ అనలేదు. పేజీకి రెండుసార్లకి మించి వాడితే చాడీలు చెబుతున్నట్టు వినబడుతుంది.

6.3 ‘పాపం’, ‘మరి’, ‘లెండి’. బలమైన చోట ఒక్కటి. ‘పాపం, ఆయన మాత్రం ఎన్ని ఫైళ్ళని ఇంటికి తీసుకెళ్తాడు’ అన్న వాక్యంలో ‘పాపం’ తీసేసి చదవండి. ఎంత పోయిందో తెలుస్తుంది. వ్యాసం మొత్తానికి రెండు ‘పాపం’లు చాలు.

6.4 గౌరవం పెంచడం, తగ్గించడం. వాడు, అతను, ఆయన, వారు. నువ్వు, మీరు, తమరు. ఈ మెట్ల మీద ఎక్కించి దించితే విశేషణం అక్కర్లేదు. అప్పు అడగడానికి వచ్చినప్పుడు ‘మీరు’, తీసుకున్నాక ‘నువ్వు’, తిరిగి అడిగినప్పుడు ‘ఎవరండీ’. మూడు సంబోధనల్లో కథంతా ఉంది.

6.5 పొగడ్తతో నింద. అలంకారశాస్త్రంలో దీన్ని వ్యాజస్తుతి అంటారు. సూత్రం తేలిక: తప్పుని సుగుణంగా పేరు మార్చి, దానికి నిజమైన ఆధారం చూపించండి. ‘మా మేనేజరుగారు సమయపాలనలో చాలా పట్టుదల గలవారు, ఐదున్నరకి అందరూ లేచే సమయానికి సరిగ్గా ఐదు ఇరవై ఎనిమిదికి మీటింగు పెడతారు.’ ఆధారం లేకుండా ఉత్త పొగడ్త రాస్తే పాఠకుడు అక్షరాలా నమ్మేస్తాడు. వ్యంగ్యం అర్థం కాలేదని వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడివే.

6.6 భాషల మధ్య ఎత్తుపల్లాలు. గొప్ప మాట పక్కన మామూలు మాట. ‘తమ దివ్యసముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా, కుళాయి కారుతోంది.’ ఒక పేరాలో ఒకసారే.

6.7 యాస. మీ సొంత యాసలో రాయండి, సంకోచం వద్దు. గోదావరి ‘ఆయ్’, రాయలసీమ ‘ఏమప్పా’, తెలంగాణ ‘గట్లనా’ ఒక్కొక్కటి పేరా చేసే పని చేస్తాయి. మీది కాని యాస మాత్రం తెచ్చుకోవద్దు. సినిమాల్లో విన్న యాసతో ఆ ప్రాంతం మనిషిని మాట్లాడిస్తే తప్పులు దొర్లుతాయి, పైగా యాసే జోకు అయిపోతుంది. మనుషుల మాటలు యాసలో, నడిపే కథనం మామూలు వాడుక భాషలో ఉంచితే అందరికీ అందుతుంది. కథనం కూడా యాసలో నడపాలనుకుంటే మొదటి వాక్యం నుంచే నడపండి, మూడో పేరా నుంచి కాదు.

7. అరువు తెచ్చుకున్న రూపం

మామూలు కథనం మీకు కుదరకపోతే, ఒక పాత కాగితం రూపాన్ని అరువు తెచ్చుకుని అందులో మీ కథ పోయండి. ఆ రూపం తెలుగు పాఠకుడికి కంఠతా వచ్చి ఉండాలి.

పంచాంగం: ఉగాది నాడు వినే ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు. ‘ఆదాయం 2, వ్యయం 14’ అన్నాక వ్యయంలోని పద్నాలుగూ ఏవేమిటో మీ నెల ఖర్చుల్లోంచి వరుసగా చెప్పండి. పంచాంగంలో ఆదాయ వ్యయాలు 2, 5, 8, 11, 14 లోనే ఉంటాయి, రాజపూజ్య అవమానాలు 1 నుంచి 7 లోపు. ఆ హద్దులు దాటితే రూపం తెలిసినవాళ్ళకి వెంటనే పంటి కింద రాయి తగులుతుంది.

దస్తావేజు: ‘నా స్వార్జితమై, నా స్వాధీనానుభవములో ఉన్న’ అని మొదలుపెట్టి నాలుగు హద్దులు. అద్దె గదిలో బతుకుతున్నవాళ్ళు మంచం గురించి రాయడానికి చక్కగా పనికొస్తుంది. తూర్పున ఇస్త్రీ బల్ల, దక్షిణాన రూమ్మేటు మంచం, పడమర గోడ, ఉత్తరాన ఓనరుగారి పాత బీరువా.

అర్జీ, శుభలేఖ, ‘కనబడుటలేదు’ ప్రకటన కూడా ఇలాగే పనిచేస్తాయి.

నియమం ఒకటే. రూపం గంభీరంగా, పొల్లు పోకుండా ఉండాలి; లోపలి సంగతి మాత్రమే మారాలి. ముందు అసలు కాగితం ఒకటి ఎదురుగా పెట్టుకుని దాని వాక్యాల వరుస రాసుకోండి. రూపంతో రాసే ముక్క 400 మాటలు దాటకూడదు. మూడో పేరాకల్లా రూపం తమాషా అరిగిపోతుంది.

8. చిత్తుప్రతి నుంచి శుభ్రమైన ప్రతికి

మన ఉదాహరణ మొదటి చిత్తులో సాధారణంగా ఇలా వస్తుంది:

‘పాస్‌పోర్టు విషయంలో జరిగిన దారుణమైన పొరపాటు వల్ల అమెరికాలో నాకు ఘోర అవమానం జరిగింది!! ఎక్కడికెళ్ళినా నన్ను వింత పేరుతో పిలుస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియక నరకం చూశాను. మన వ్యవస్థ ఎప్పటికి బాగుపడుతుందో!’

ఇందులో ఒక్క దృశ్యం లేదు. దారుణం, ఘోరం, నరకం అని మూడు తీర్పులున్నాయి. ఏ పేరుతో పిలిచారో చెప్పనే లేదు. ‘నవ్వాలో ఏడవాలో’ అన్నది పాఠకుడి పని; మీరు ముందే చేసేశారు.

తిరగరాస్తే:

‘నా పేరులో అమ్మమ్మ మొక్కుకున్న దేవుడొకడు, నాన్నమ్మ మొక్కుకున్న దేవుడొకడు ఉన్నారు. ఇంటిపేరు గడి దగ్గర ఏజెంటు, “ఖాళీగా ఉంచెయ్యమంటారా?” అన్నాడు. ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టడం నాకిష్టం ఉండదు. ఉంచెయ్యమన్నాను. అమెరికావాళ్ళు ఖాళీలు ఉంచరట. ఎఫ్, ఎన్, యూ అని మూడక్షరాలు వేశారు. బ్యాంకులో అమ్మాయి తెర చూసి, ఎంతో మర్యాదగా, “గుడ్ మార్నింగ్, ఫ్నూ” అంది. నేనూ మర్యాదస్తుణ్ణే. పలికాను.’

ఏం మారిందో చూడండి. తీర్పులన్నీ పోయాయి. ఏజెంటు మాట వచ్చింది, ఆ తప్పులో మీ వాటా వచ్చింది. ‘ట’ ఒకేచోట ఉంది. చివర ఒక్క క్రియ. ‘పలికాను’ అనడానికి ముందు చుక్క పెట్టి ఆపడం వల్ల ఆ మాటకి చోటు దొరికింది. ‘కాబట్టి పలికాను’ అని కలిపేస్తే చప్పబడుతుంది.

చిత్తుని సరిదిద్దేటప్పుడు ఈ వరుసలో వెళ్ళండి: ముందు తీర్పు చెప్పే విశేషణాలు కొట్టెయ్యడం, తర్వాత ఆ ఖాళీల్లో నోటుపుస్తకంలోని మాటలు, అంకెలు పెట్టడం, తర్వాత ప్రతి పేరా చివరి వాక్యాన్ని చూడడం. పేరా చివరి వాక్యం వివరణ అయితే కొట్టెయ్యండి. పదింటిలో ఎనిమిది సార్లు దాని పైవాక్యమే అసలు ముగింపు.

9. తరచూ జరిగే తప్పులు, వాటి మరమ్మతు

*జోకు తర్వాత జోకు.* ఊపిరాడదు. మూడు వాక్యాలు మామూలుగా నడిపి నాలుగోది విసరండి. మామూలు వాక్యాలే పాఠకుడిని నమ్మిస్తాయి.

*కొటేషన్లలో పెట్టిన వెటకారం.* మా ‘గొప్ప’ బాసు, ఆయన ‘సాయం’. ఇది పాఠకుడి మోచేతిని పొడిచి చెప్పడం. గుర్తులు తీసేసి, ఆ సాయం ఏమిటో రాయండి.

*నవ్వు బొమ్మలు, రెండేసి ఆశ్చర్యార్థకాలు.* అన్నీ తీసెయ్యండి. తీశాక వాక్యం నవ్వు తెప్పించకపోతే లోపం వాక్యంలో ఉంది.

*అబద్ధం కలపడం.* అతిశయోక్తి వేరు, కల్పించిన సంఘటన వేరు. ‘క్యూ పక్క మండలం దాకా ఉంది’ అంటే అతిశయోక్తి, అందరికీ తెలుస్తుంది. ‘క్లర్కు నా ఫైలు చించేశాడు’ అని జరగనిది రాస్తే ఆరోపణ. పాఠకుడు నమ్మే స్థాయిలో ఉన్న ప్రతి వాక్యం నిజమై ఉండాలి.

*అరువు జోకులు.* గ్రూపుల్లో తిరిగే భార్యాభర్తల జోకుని మీ ఇంట్లో జరిగినట్టు రాయడం. చదివేవాళ్ళలో ఒకరికి తప్పకుండా తెలిసి ఉంటుంది. ఆ తర్వాత మీ నిజమైన వివరాలు కూడా నమ్మరు.

*తనని తాను మరీ తొక్కేసుకోవడం.* ‘నాలాంటి చవట, దద్దమ్మ’ అని పేరా పేరాకీ రాస్తే పాఠకుడికి జాలి పుడుతుంది, నవ్వు పోతుంది. తిట్టు తీసేసి పని చూపించండి. చవటతనం చేసిన పనిలో కనబడాలి.

*సామెతల పోత.* అందరికీ తెలిసిన సామెతని ఉన్నదున్నట్టు పెడితే వాక్యం నిద్రపోతుంది. సగం చెప్పి ఆపండి, లేదా మీ సంగతికి తగ్గట్టు తోక మార్చండి. వ్యాసానికి ఒకటి.

10. ఇంట్లోవాళ్ళు, చట్టం

బయట పెట్టే ముందు ఇంట్లోవాళ్ళకి చదివి వినిపించండి. వ్యాసంలో ఉన్నవాళ్ళకి ముందుగా. వాళ్ళు నవ్వడం చాలదు; ‘ఇది పెట్టొచ్చా?’ అని విడిగా అడగండి. వద్దంటే ఆ భాగం తీసెయ్యాలి. పిల్లలు సరే అన్నా సరే, వాళ్ళ స్నేహితులు చదివితే ఇబ్బందయ్యే సంగతి రాయకండి.

చట్టం వైపు తెలిసి ఉండాల్సినవి కొన్నే. 2024 జూలై 1 నుంచి పరువునష్టం నేరం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కింద ఉంది. రెండేళ్ళ దాకా సాధారణ జైలు, జరిమానా, రెండూ, లేదా సమాజ సేవ శిక్షగా పడొచ్చు. ‘నిజమే కదా రాశాను’ అన్నది ఒక్కటే కాపాడదు. ఆ నిజం చెప్పడం ప్రజల మేలు కోసం అవసరమై ఉండాలి. పేరు రాయకపోయినా చదివినవాళ్ళు మనిషిని గుర్తుపట్టగలిగితే ఇబ్బందే. చనిపోయినవాళ్ళ గురించి రాసినది వాళ్ళ కుటుంబాన్ని నొప్పించేలా ఉన్నా ఇదే సెక్షను పరిధిలోకి రావచ్చు.

కాబట్టి వ్యక్తి పేరు, ఊరు, హోదా, ఆఫీసు అన్నీ కలిపి ఎప్పుడూ ఇవ్వకండి. రెండు మార్చండి. మారిస్తే కథ చెడిపోతోందంటే ఆ కథ నవ్వు మీద కాక ఆ మనిషి మీద నిలబడి ఉందని తేలినట్టు; మూడో అంచెకి వెనక్కి వెళ్ళాలి.

కులం పేరుతో నింద, అంగవైకల్యం మీద హేళన పూర్తిగా నిషిద్ధం. వీటికి 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం విడిగా ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగులు తమ శాఖ గురించి రాయాలనుకుంటే ప్రవర్తనా నియమావళి ముందు చదువుకోవాలి.

11. చివరి చదువు

రాశాక రెండు రోజులు ముట్టుకోకండి. తర్వాత ఫోన్‌లో రికార్డు చేస్తూ పైకి చదవండి. మూడుసార్లు వినాలి, మూడింటికీ మూడు పనులు.

మొదటిసారి నాలుక తట్టుకున్న చోట్లు గుర్తుపెట్టండి. అక్కడ వాక్యం పొడుగైంది, లేదా మీరు మామూలుగా వాడని మాట పడింది. రెండోసారి మీరు గొంతు మార్చి చదివిన చోట్లు. రాతలో లేనిదాన్ని గొంతు మోస్తోందని అర్థం. ఆ బరువు వాక్యంలోకి ఎక్కించాలి. మూడోసారి టైమరు పెట్టండి. మొదటి నవ్వు ఒక నిమిషంలోపు రాకపోతే ముందు భాగం కొయ్యాలి.

తర్వాత మీ కథ తెలియని ఒకరికి ఇచ్చి చదివించండి. ‘బాగుందా?’ అని అడగొద్దు. ‘ఇందులో తప్పెవరిది?’ అని అడగండి. వాళ్ళు చెప్పిన పేరు, మూడో అంచెలో మీరు పేజీ పైన రాసుకున్న పేరు ఒకటే కావాలి. వేరైతే దెబ్బ తప్పింది. అప్పుడు మాటలు కాదు, ఐదో అంచెలోని మెట్లు సరిచూడాలి.

పెట్టే ముందు:

☐ గొంతు మొదటి నుంచి చివరిదాకా ఒకటే
☐ ‘ట’ పేజీకి రెండు, ‘పాపం’ మొత్తానికి రెండు
☐ తీర్పు చెప్పే విశేషణాలు సున్నా
☐ నా తప్పు కనీసం ఒకటి, పాఠకుడికి స్పష్టంగా
☐ నమ్మదగ్గ ప్రతి వాక్యం నిజం
☐ మనుషుల గుర్తులు కనీసం రెండు మార్చాను
☐ ఉన్నవాళ్ళ అనుమతి తీసుకున్నాను
☐ చివరి పేరాలో వివరణ లేదు

పెట్టాక ఎవరైనా ‘అర్థం కాలేదు’ అంటే జోకు వివరించకండి. ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో అడిగి, ఆ వాక్యం నోటుపుస్తకంలో రాసుకోండి. రెండో వ్యాసానికి కూర్చున్నప్పుడు మొదట ఆ పేజీ తెరవండి.